లిఫ్టు, కుక్కరు, డీజే... మా రాగికి అన్నీ భయమే. ఏం చేయాలి?

రాగి వాళ్ల అమ్మమ్మ, హనుమకొండ

నమస్తే. ఇక్కడ ఇదే నా మొదటి పోస్టు, కొంచెం పెద్దగానే ఉంటుంది. ముప్పై ఏళ్లు తెలుగు పాఠం చెప్పి రిటైరయినదాన్ని, పొట్టిగా రాయడం రాదు.

మా ఇంట్లో రాగి అని ఆడ కుక్క ఉంది. దేశీ కుక్కే. రాగి చెంబు రంగు, రెండేళ్లు ఉండొచ్చు. కాజీపేట స్టేషన్ బయట ఆగిన లారీ కింద నుంచి మా అమ్మాయి తీసుకొచ్చింది. అప్పటికే దానికి నాలుగైదు నెలలు. నేనే పెంచుతానంది, ఆర్నెల్లు పెంచింది, పుణెలో ఉద్యోగం రాగానే పోయింది. రాగి మాకు మిగిలింది. నిజం చెప్పాలంటే వెంట తీసుకుపోతానంటే నేనే ఇవ్వలేదు.

మా ఇద్దరి దగ్గర చాలా బాగుంటుంది. మా సారు పేపర్ చదువుతుంటే ఆయన పాదాల మీద గడ్డం పెట్టుకుని పడుకుంటుంది. ఉన్న చిక్కల్లా భయమే.

మాది నాలుగో అంతస్తు. మొదట్లో మెట్లు చక్కగా దిగేది. మార్చిలో ఒకరోజు గ్యాస్ బండ తెచ్చిన అబ్బాయి ఖాళీ బండను మెట్ల మీద దొర్లించుకుంటూ పోయాడు. సరిగ్గా అప్పుడే మేం మూడో అంతస్తు మలుపులో ఉన్నాం. ఆ మోతకు నా చేతిలో తాడు గుంజుకుని పైకి ఉరికి, మా తలుపు ముందు ఉచ్చ పోసుకుని కూర్చుంది. ఇక అప్పటి నుంచి మెట్ల దిక్కు రాదు. లిఫ్టు సంగతి సరేసరి. పాతకాలం గ్రిల్ లిఫ్టు మాది, తలుపు మూస్తే ధడేల్‌మంటుంది. ఎప్పుడూ ఎక్కలేదు. ఇప్పుడు అన్నీ బాల్కనీలోనే.

మిగతా భయాలూ ఒకదాని మీద ఒకటి వచ్చి చేరుతున్నాయి. కుక్కర్ ఆవిరి పట్టి సుయ్‌మనగానే, విజిల్ ఇంకా రాకముందే, దివాన్ కిందికి. కాలింగ్ బెల్ మోగినా దివాన్ కిందికి. ఉరిమితే బాత్రూంలోకి. పోయినేడు నిమజ్జనం రోజు మా సందులోంచి డీజే బండి పోతుంటే వాషింగ్ మెషీన్ వెనక దూరింది. పైపు ఊడి ఇల్లంతా నీళ్లు. ఆ నీళ్లలోనే నిలబడి వణుకుతోంది గాని బయటికి రాదు. ఇద్దరం కలిసి మెషీన్ జరిపి దాన్ని తీసేసరికి రాత్రి పదకొండు.

జూన్‌లో ఒక ట్రైనర్‌ని పిలిపించాం. పేరు వద్దు. "నాలుగు రోజుల్లో సెట్ చేస్తా మేడమ్" అన్నాడు. మెడకు గొలుసు బిగించి లిఫ్టులోకి లాగాడు. దాని గోళ్లు గీరుకుపోయిన గీతలు ఇప్పటికీ లిఫ్టు ముందు బండ మీద ఉన్నాయి. రెండోసారి లాగితే అతని ముంజేతిని నోటితో పట్టింది. రక్తం రాలేదు, పళ్ల గుర్తులు పడ్డాయి. అతను కర్ర అడిగాడు. నేను డబ్బులిచ్చి పంపించేశాను. అప్పటి నుంచి తాళంచెవుల గుత్తి గలగలమన్నా వణుకే.

చవితికి ఆరు వారాలే ఉంది. ఈసారి మండపం మా గేటుకు ఎదురుగానే అట. "నువ్వు ఓదారుస్తుంటేనే దానికి ఎక్కువవుతోంది, పట్టించుకోకు" అంటారు మా సారు. కింద ఫ్లాటావిడ "ఎక్కడన్నా ఇచ్చేయండి టీచరమ్మా, లేకపోతే లిఫ్టు దగ్గరికి మాత్రం తేకండి" అంటోంది. దగ్గరికి తీసుకోవడం నా తప్పా? ఈ భయం తగ్గేదేనా?

బోడుప్పల్ బాద్‌షా

టీచరమ్మా, మీరు దాన్ని మనిషి లెక్క చూస్తున్నారు, అక్కడే వచ్చింది ప్రాబ్లం. మా నాన్న టైంలో కుక్కను వాకిట్లో కట్టేసేవాళ్లు. ఉరుములూ పటాకులూ అన్నీ దానికవే అలవాటయ్యేవి. మండపం పక్కన నాలుగు రోజులు కట్టేయండి, దెబ్బకు పోతుంది భయం.

బుల్లోడి నాన్న, కాకినాడ

బాద్‌షా గారూ, మీరు చెప్పిన పని నేను చేసి చూశానండి. అందుకని ముందు ఆ ముచ్చటే చెప్తాను.

మాది జగన్నాథపురంలో జిరాక్సు షాపు. మా కుక్క పేరు బుల్లోడు. వాడికి మోటార్ సైకిలంటే భయం, హెల్మెట్ పెట్టుకున్న మనిషంటే మరీ భయం. అలవాటు చేద్దామని రోజూ సాయంత్రం వంతెన దగ్గర మెయిన్ రోడ్డు పక్కన పట్టుకుని కూర్చునేవాణ్ణి. అరగంట. మొదటి నాలుగు రోజులు గింజుకున్నాడు. అయిదో రోజు నుంచి కదలకుండా నిలబడ్డాడు. దారికొచ్చాడనుకుని మా ఆవిడకి ఫోన్ చేసి మరీ చెప్పాను. ఎనిమిదో రోజు జేబులో కోడిమాంసం ముక్క ఉంటే ఇచ్చాను. వాసన కూడా చూడలేదు. పళ్లు బిగబట్టి, కళ్లు ఎటో పెట్టి నిలబడ్డాడు. అదే ముక్క ఇంట్లో చూపిస్తే చెయ్యి కూడా మింగేసే రకం వాడు. అప్పుడన్నా బుద్ధి రావాలి కదా, రాలేదు. పదో రోజు పక్కనే ఒక బండి సైలెన్సర్ టపీమంది. వాడు తల వెనక్కి లాక్కున్నాడు, మెడపట్టీ నా చేతిలో మిగిలింది. రెండు రాత్రులు వెతికాం. ఏటిమొగలో బోర్లించిన పడవ కింద దొరికాడు.

వాడు కదలకుండా నిలబడింది ధైర్యంతో కాదండి. గింజుకున్నా లాభం లేదని వదిలేసుకున్నాడు, అంతే. ఆ తేడా నాకు నేర్పింది ఆ మాంసం ముక్కే. కుక్క తిండి ముట్టలేదంటే మీరు భయానికి మరీ దగ్గరగా ఉన్నట్టు. తీసుకుంది గానీ వేళ్లు కొరికేలా లాక్కుందంటే ఇంకా దగ్గరే. మెత్తగా నాలుకతో తీసుకుని, ఒకసారి రోడ్డు వంక, ఒకసారి మీ వంక చూసిందంటే అక్కడ ఆగి పని మొదలెట్టొచ్చు. బుల్లోడికి ఆ చోటు రోడ్డుకి నలభై అంగల దూరంలో, రైసుమిల్లు గోడ పక్కన దొరికింది. అక్కణ్ణుంచి పది అంగల దూరానికి రావడానికి నాకు అయిదు నెలలు పట్టింది. మీ ఆరు వారాల్లో రాగి డీజే ముందు డాన్సు చేయదు మేడమ్ గారూ, ముందే చెప్తున్నాను.

ఇంకో తప్పు కూడా చేశాను, మీరు చేయొద్దు. మొదట్లో దూరంగా బండి వస్తుంటే చూసి, ముందుగానే మాంసం తీసేవాణ్ణి, వాడి మనసు మళ్లిద్దామని. రెండు వారాలకి ఏమైందంటే, నేను జేబులో చెయ్యి పెడితే చాలు, బండి వస్తోందని వాడు వణకడం మొదలెట్టాడు! మాంసమే సైరన్ అయిపోయింది. వరస తిరగేయాలి. ముందు బండి చప్పుడు వినపడాలి, వాడి చెవి కదలాలి, ఆ వెంటనే ముక్క పడాలి. చప్పుడు ఆగితే ముక్కలూ ఆగాలి. కొన్ని వందలసార్లు అయ్యాక ఒకరోజు బండి చప్పుడవగానే నా జేబు వంక చూశాడు. వాడి ముఖం చూసి నాకు నవ్వాగలేదు.

ఇక మీ ఇంటి సంగతి. ముందు ఆ కుక్కర్ అటకెక్కించి, కొన్నాళ్లు అన్నం వార్చుకోండి. తమాషాకి అనడం లేదు. రోజుకి మూడుసార్లు దడుస్తుంటే మీరు నేర్పేదేదీ నిలవదు. బిందె అంచుదాకా నిండి ఉంటే చెంబుడు పోసినా పొర్లిపోతుంది. పొద్దున కుక్కరు, పదింటికి కాలింగ్ బెల్లు, మధ్యాహ్నం ఉరుము. సాయంత్రం తాళంచెవులు పడ్డాయని అది గెంతితే, తప్పు తాళంచెవులది కాదు, పొద్దుటి నుంచీ నిండుతూ వచ్చిన బిందెది. బెల్లుకి ఒక వారం బ్యాటరీ తీసేయండి, వచ్చేవాళ్లని ఫోన్ చేయమనండి. బాగా దడిసిన రోజు మర్నాడు పాఠం పెట్టకండి, నిద్రపోనివ్వండి. కుక్క రోజులో సగం పైగా నిద్రపోయే జీవి.

ఒక పాత బొంత తీయండి. మీరు వాడినదైతే మరీ మంచిది, మీ వాసన ఉంటుంది. హాల్లో ఒక మూల వేయండి. అది దానంతట అదే బొంత మీద కాలు పెడితే ఒక ముక్క, కూర్చుంటే ఒక ముక్క, నడుం వాల్చి తల దించితే నాలుగు ముక్కలు, ఒక్కొక్కటే, నెమ్మదిగా, దాని ముందు కాళ్ల మధ్యన పెట్టండి. రమ్మని పిలవొద్దు, కూర్చోమని చెప్పొద్దు. పది పదిహేను రోజులకి ఆ బొంత దాని సొంతిల్లయిపోతుంది. తర్వాత మీరు దాన్ని మడిచి ఎక్కడికి పట్టుకెళ్తే అక్కడ పరవొచ్చు, గుమ్మం బయటా, డాక్టరు దగ్గరా.

లిఫ్టు లోపల తిండి పెట్టి రప్పించే పని మాత్రం చేయకండి. మెడ చాచి, వెనక కాళ్లు బయటే ఉంచి తినేస్తుంది. తినడం అయ్యాక ఎక్కడున్నానో చూసుకుని ఇంకా హడలిపోతుంది. దానికి తిరగేసి చేయండి. లిఫ్టు వంక ఒక్క అడుగు తనే వేసిందా, ముక్కని దాని వెనక్కి, ఇంటివైపు విసరండి. వెనక్కి పోయి తింటుంది, మళ్లీ తనే వస్తుంది. మళ్లీ వెనక్కి విసరండి. మొదట్లో తలుపు తీసి ఉంచడానికి వాచ్‌మన్ సాయం అడగండి. లోపలికి వెళ్లి, వెనుదిరిగి, తోక ఊపేదాకా తలుపు మూయించొద్దు. వెళ్లకపోయినా కొంపలేం మునగవు.

ఇవన్నీ భయం తగ్గించే పనులు. ధైర్యం పెరగడానికి నాకు బాగా పనికొచ్చింది ముక్కుతో వెతికే ఆట. పాత చీరలో ముక్కలేసి చుట్ట చుట్టి ఇవ్వండి, విప్పుకుంటుంది. తర్వాత అట్టపెట్టెలు. తర్వాత అట్టపెట్టెలో ఖాళీ ప్లాస్టిక్ బాటిళ్లు, వాటి కింద ముక్క. ఇప్పుడు తిండి కోసం అదే చప్పుడు చేయాలి. ఆ చప్పుడు దాని చేతిలో పని. నెల తర్వాత స్టీలు పళ్లెం మీద గిన్నె బోర్లించి కింద పెట్టండి. బుల్లోడు ఇప్పుడు ఆ గిన్నెని వంటింటి నుంచి వీధి గుమ్మం దాకా తన్నుకుంటూ వెళ్తాడు, పక్కింటివాళ్లు తిడుతున్నారు.

కోడిమాంసం ఉత్తదే ఉడకబెట్టండి. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి వద్దు, ఎముక అసలే వద్దు. చింతగింజంత ముక్కలు చాలు.

ఇంకోటి, అసలు ముందే చెప్పాల్సింది. రేపే ఛాతీకి చుట్టే హార్నెస్ కొనండి, మెడపట్టీకి ఒక తాడు, హార్నెస్‌కి ఇంకో తాడు. పట్టీ మీద మీ ఫోన్ నంబరు. పండగ రోజుల్లో తప్పిపోయే కుక్కల సంగతి ఏటిమొగలో తెలిసొచ్చింది నాకు.

రాగి వాళ్ల అమ్మమ్మ

తమ్ముడూ, మీ బుల్లోడి పడవ కథ చదివి మా సారుకు వినిపించాను. ఏమీ అనలేదు, లేచి పోయి కాలింగ్ బెల్ బ్యాటరీ తీసి వచ్చారు. అన్నం వార్చడం నాకు కష్టం కాదు, మా అత్తగారి ఇంట్లో పదేళ్లు వార్చినదాన్నే. గంజి రాగికీ నచ్చింది.

ఒక అనుమానం. యూట్యూబ్‌లో డీజే సౌండ్లు ఉన్నాయి కదా, ఫోన్‌లో చిన్నగా పెట్టి వినిపిస్తూ పోతే చవితికి అలవాటవుతుందా?

పశువుల డాక్టరు, కరీంనగర్

టీచరమ్మా, ఫోన్ స్పీకర్‌లో ఆ 'ధుమ్' రాదు. రాగిని భయపెట్టేది డీజేలో గుండెకు తగిలే ఆ లావు చప్పుడూ, దాంతో అదిరే గోడా, నేలా. ఫోన్‌లో దానికి అలవాటు పడ్డా ఉపయోగం తక్కువ. పెద్ద స్పీకర్లు ఎవరివైనా దొరికితే, మనకు కూడా సరిగ్గా వినపడనంత తక్కువలో మొదలుపెట్టి, వారానికి కొంచెం పెంచండి. కుక్క చెవి 45,000 హెర్ట్జ్ దాకా వింటుంది, మనది 20,000 దగ్గరే ఆగిపోతుంది. విజిల్‌కు ముందు ఆ సుయ్ శబ్దానికే అది పారిపోవడంలో వింతేమీ లేదు.

మీ పోస్టులో నన్ను ఆపిన విషయం వేరే. బాగా దిగే కుక్క ఒక్కసారిగా మెట్లు మానేసింది. బండ మోత సరే, ఆ రోజు గుంజుకుని నాలుగో అంతస్తుకు ఉరికింది కదా, అప్పుడు కాలికి ఏమైనా అయిందా? నొప్పి ఉన్న కుక్క చప్పుడుకు ఉలిక్కిపడితే కండరాలు బిగుసుకుని నొప్పి ఇంకా పెరుగుతుంది. దానికి చప్పుడూ, నొప్పీ, ఆ చోటూ మూడూ ఒకటైపోతాయి. 2018లో బ్రిటన్‌లోని లింకన్ యూనివర్సిటీ వాళ్లు చప్పుళ్లకు భయపడే 20 కుక్కల కేసులు పరిశీలించారు. అందులో నొప్పి ఉన్న కుక్కలు చప్పుడు విన్న చోట్లన్నా, ఎదురయ్యే వేరే కుక్కలన్నా కూడా భయపడటం ఎక్కువ కనిపించింది. మీకు మామునూరు వెటర్నరీ కాలేజీ దగ్గరే. వెనక కాళ్లు, నడుము, చెవులు చూపించండి. బొంత పట్టుకెళ్లండి, బుల్లోడి నాన్న గారు చెప్పిన ఆ మాట మంచిది.

భయం తగ్గించే మందుల గురించి కూడా ఇప్పుడే అడగండి. రోజూ వేసే ఫ్లూఆక్సెటిన్ లాంటివి పని చూపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, చవితి ముందు రోజు అడిగితే లాభం లేదు. పండగ రోజుకు మాత్రమే ఇచ్చేవి వేరే ఉన్నాయి, అవి కూడా మామూలు రోజున ఒకసారి వేసి చూడాలి. ఏసిప్రొమజీన్ అనే మత్తుమందు ఒక్కటే ఇస్తామంటే మాత్రం వద్దనండి. అది ఒంటిని పడేస్తుంది, లోపల భయం అలాగే ఉంటుంది, కదలలేక అన్నీ వింటూ పడి ఉంటుంది. మీ ఇంట్లో ఎవరి నిద్రమాత్రలూ ముట్టించకండి. మందు వేస్తే శిక్షణ అక్కర్లేదని కాదు, నేర్చుకునే స్థితికి రావడానికే మందు.

ఓదార్పు గురించి మీరు అడిగారు, ఎవరూ చెప్పలేదు. భయపడినప్పుడు దగ్గరికి వస్తే దగ్గరికి తీసుకోండి. ముద్దు చేస్తే భయం పెరగదు. ఉరిమినప్పుడు మనవడు మీ ఒళ్లోకి వస్తే నెట్టేస్తారా? కానీ అది దివాన్ కిందికే పోతానంటే పోనివ్వండి, గుంజి ఒళ్లో పెట్టుకోకండి. గుర్రుమంటే తిట్టకండి. అది దగ్గరికి రావద్దని చెప్పే మర్యాద. ఆ మాట మాన్పిస్తే నేరుగా పంటితోనే చెప్తుంది. ట్రైనర్ విషయంలో జరిగింది అదే. రేబీస్ టీకా తేదీ చూసుకోండి, ఏటా వేయించాలి.

కింద ఫ్లాటావిడకు ఒక మాట. పెంపుడు కుక్కల్ని లిఫ్టు ఎక్కనివ్వం అనడం కుదరదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. గొడవ పెట్టుకోమనడం లేదు, తెలిసి ఉంటే మంచిది.

ఫ్రిస్కో సుబ్బు, టెక్సస్

ఇక్కడ మాకు జులై 4, అమెరికా స్వాతంత్ర్య దినం పటాకులు, వస్తే ఇదే కథ అండీ. మా కుక్క పేరు పాప, ల్యాబ్రడార్, గొర్రెంత ఉంటుంది, టబ్‌లో దాక్కుంటుంది. మేం చేసేది ఏంటంటే, కిటికీలు లేని క్లోజెట్‌లో, అంటే బట్టల గదిలో, పరుపు వేసి, పక్కన పెద్ద ఫ్యాన్ పెడతాం. ఆ హోరులో బయట చప్పుళ్లు సగం కలిసిపోతాయి. మీకు కూలర్ ఉంటుందిగా, నీళ్లు లేకుండా ఉత్త ఫ్యాన్ తిప్పినా చాలు, మన కూలర్ల మోత నాకింకా గుర్తే. ఆ గది పండగ రోజే మొదటిసారి చూపించకండి. నెల ముందు నుంచే మంచి తిండి అంతా అక్కడే పెట్టండి. ఒంటికి బిగుతుగా చుట్టే చొక్కా కూడా కొన్నాను, మా పాపకు కొంచెం పనిచేసినట్టే ఉంది, మా ఫ్రెండ్ వాళ్ల కుక్క దాన్ని కొరికి పారేసింది.

బోడుప్పల్ బాద్‌షా

డాక్టర్ సాబ్, కట్టేస్తే అలవాటైన కుక్కలు నిజంగానే ఉన్నాయి కదా? నేను కళ్లారా చూసినవే చెప్తున్నా.

పశువుల డాక్టరు, కరీంనగర్

ఉన్నాయి అన్నా. పుట్టిన మూడో వారం నుంచి పధ్నాలుగో వారం దాకా కూన ఏం చూస్తే, ఏం వింటే అది లోకంలో మామూలే అనుకుంటుంది. మీ నాన్నగారి వాకిట్లో కుక్క కూనగా ఉన్నప్పటి నుంచే ఆ చప్పుళ్ల మధ్య పెరిగి ఉంటుంది. రాగి ఇంట్లోకి వచ్చేసరికే ఆ తలుపు మూసుకుంది. అప్పటిదాకా అది చూసింది లారీ కింద లోకం. అట్లాంటిదాన్ని కట్టేస్తే అలవాటు పడదు, తాడు తెంపుకుంటుంది, లేదా బుల్లోడిలా బిగుసుకుపోతుంది.

రాగి వాళ్ల అమ్మమ్మ

తొమ్మిది వారాల తర్వాత వస్తున్నాను. అడిగి పత్తా లేకుండా పోయిందనుకోకండి, నిమజ్జనం అయ్యాకే రాద్దామని ఆగాను.

ముందు డాక్టరు గారికి దండం. మామునూరు తీసుకుపోయాం. ఎడమ వెనక కాలు మోకాలి చిప్ప జారుతోందన్నారు. ఆ రోజు మెట్ల మీద ఉరికినప్పుడు అయిందో, ముందే ఉండి అప్పుడు ముదిరిందో చెప్పలేం అన్నారు. నొప్పికి మందు రాశారు, రెండు కిలోలు తగ్గించమన్నారు, ఇంట్లో నున్నటి బండ మీద జారకుండా చాపలు వేయమన్నారు. మా సారుకు కూడా ఎడమ మోకాలే. ఇప్పుడు ఇద్దరూ పొద్దున పక్కపక్కన కూర్చుని మాత్రలు వేసుకుంటున్నారు. భయానికి కూడా రోజూ ఒక మాత్ర రాశారు, వేస్తున్నాం.

బొంత బాగా పట్టింది. మా అమ్మ కుట్టిన బొంత, చిరుగులు పడి అటక మీద ఉంటే తీశాను. పన్నెండో రోజున నేను పప్పు రుబ్బుతుంటే తనే పోయి దాని మీద పడుకుని ఒక పెద్ద నిట్టూర్పు విడిచింది. మిక్సీ తిరుగుతూనే ఉంది. నేను మిక్సీ ఆపి చూస్తూ నిలబడ్డాను, తర్వాత గుర్తొచ్చి ముక్కలు పెట్టాను. వరస తప్పానేమో తమ్ముడూ, క్షమించాలి.

కుక్కర్ అయిదు వారాల తర్వాత దించాను. మొదట ఉత్త గిన్నె మూత తీసి పెట్టడం, తర్వాత నీళ్లు పోసి వెయిట్ పెట్టకుండా మరిగించడం. ఆవిరి శబ్దం వచ్చేటప్పుడు రాగి చివరి గదిలో మా సారుతో ఉండేది. వెయిట్ పెట్టి మొదటి విజిల్ వచ్చిన రోజు ఆయన వేసిన ముక్కలు తిని, తలుపు దాకా వచ్చి వంటింటి వంక చూసిందట. ఆయనే పరిగెత్తుకొచ్చి చెప్పారు, "చూసిందోయ్, పారిపోలేదు" అని. పట్టించుకోకు అన్న మనిషి ఈయనే! ఇప్పుడు మొదటి విజిల్‌కు హాల్లోనే ఉంటుంది, రెండోదానికి లేచి లోపలికి పోతుంది. మూడు విజిళ్ల పప్పు ఇంకా కుదరడం లేదు.

మండపం వాళ్లతో నేనే పోయి మాట్లాడాను. వాళ్లలో ఇద్దరు నా దగ్గర చదువుకున్నవాళ్లే. స్పీకర్ మా గేటు వైపు కాకుండా రోడ్డు వైపు తిప్పారు. నిమజ్జనం రోజు మధ్యాహ్నమే రాగిని బయట తిప్పి, పండగ మాత్ర వేసి, వెనక గదిలో బొంతా కూలరూ పెట్టి ముగ్గురం కూర్చున్నాం. డీజే వచ్చినప్పుడు వణికింది. దాచేది లేదు, బాగానే వణికింది. నోరు తెరిచి రొప్పింది, పది నిమిషాలు తిండి ముట్టలేదు. కానీ వాషింగ్ మెషీన్ దగ్గరికి పోలేదు, బొంత మీంచి లేచి నా ఒళ్లోకి తల దూర్చింది. బండి పోయిన పావుగంటకు పాత చీర చుట్ట విప్పడం మొదలుపెట్టింది. పోయినేడు రెండు రోజులు అన్నం ముట్టలేదు.

లిఫ్టు... తమ్ముడూ, లిఫ్టు కాలేదు. ముందు కాళ్లు రెండూ లోపల పెడుతోంది, వెనక్కి వస్తోంది, ముక్క తింటోంది, మళ్లీ పెడుతోంది. వాచ్‌మన్ కొడుకు రోజూ ఆరింటికి తలుపు పట్టుకుంటాడు, వాడికి రోజూ ఒక ఉండ్రాయి. కాలు నొప్పి తగ్గాక మెట్లే నయమనిపించినట్టుంది, మూడో అంతస్తు మలుపులో ఒక్క క్షణం ఆగి, గోడ వాసన చూసి, దిగుతోంది. నిన్న అదే మలుపులో గ్యాస్ అబ్బాయి ఎదురయ్యాడు. బండ భుజాన ఎత్తుకుని గోడకు అతుక్కుని నిలబడి, "పోనీయండి టీచరమ్మా, నేను ఆగుతా" అన్నాడు. ఎవరు చెప్పారో నాకు తెలియదు.

దీపావళి గురించి ఇప్పుడే అడుగుతున్నాను, ఈసారి ఆలస్యం చేయను.

పశువుల డాక్టరు, కరీంనగర్

సంతోషం టీచరమ్మా. దీపావళి చవితి కన్నా కష్టం. పటాకులు ఎప్పుడు పేలుతాయో తెలియదు, వారం ముందూ వారం వెనకా పేలుతూనే ఉంటాయి. రాత్రి 8 నుంచి 10 దాకానే కాల్చాలని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది, మీ సందులో ఎంతమంది వింటారో మీకే తెలుసు. ఆ వారమంతా సాయంత్రం నడక అయిదింటికే ముగించండి, రెండు తాళ్లతో. నేర్పే పాఠాలు ఆ వారం బంద్. మాత్ర సంగతి మీ డాక్టరుతో పది రోజుల ముందే మాట్లాడండి.

రాగి వాళ్ల అమ్మమ్మ

అలాగే డాక్టరు గారూ. చివరగా ఒక చిన్న సంగతి అడగొచ్చా. ఆ బొంత భరించలేని కంపు కొడుతోంది. కోడిమాంసం జిడ్డు, గంజి, రాగి వాసన, అన్నీ కలిసి. బతుకమ్మకు చుట్టాలొస్తున్నారు. ఉతకొచ్చా? వాసన పోతే మళ్లీ మొదటికొస్తుందేమోనని రెండు వారాలుగా చూస్తూ ఊరుకున్నాను.

బుల్లోడి నాన్న, కాకినాడ

ఉతకండి మేడమ్ గారూ, కానీ ఇవాళే వద్దు. ముందు ఇంకో బొంత తీసి దాని మీదే పరవండి. నాలుగైదు రోజులు రెండిటి మీదా పడుకోనివ్వండి, తర్వాత కింది దాన్ని ఉతకండి. సెంటు వాసన వచ్చే లిక్విడ్ వద్దు, మామూలు సబ్బు చాలు. మాది మూడు నెలలు ఉతకలేదు, మా ఆవిడ నన్నే బయట పడుకోమంది.